మస్టర్‌లో పేరు, సంఘంలో పేరు

(పరిశోధక విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మునిసిపల్ కార్మికోద్యమం మీద మాట్లాడమన్నారు. ఉద్యమం అనగానే మనకు సమ్మె గుర్తొస్తుంది. వీధుల్లో పేరుకుపోయిన చెత్త, కమిషనర్ ఆఫీసు ముందు చీపుర్లు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు, టీవీలో రెండు నిమిషాలు. 2023 డిసెంబరు 26న ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు మనలో చాలామంది ఆ ఫోటోలే పంచుకున్నాం. ఇవాళ నేను సమ్మె గురించి మాట్లాడను. సమ్మె లేని రోజుల్లో సంఘం ఏం చేస్తుందన్నది నా విషయం. అందులోనూ రెండే పనులు. సభ్యులకు కబురు చెప్పడం, సభ్యులకు సాయం చేయడం. రెండూ పైకి చప్పగా కనిపించే పనులే. గైడు దగ్గరికి ఈ అంశం పట్టుకెళ్తే "ఇందులో థియరీ ఎక్కడుందమ్మా?" అంటారు. ఉంది. ఎవరు సభ్యులు, ఎవరు కారు అన్న ప్రశ్న తీర్మానాల్లో కన్నా ఈ రెండు పనుల్లోనే ముందు బయటపడుతుంది. మన దేశంలో ఆ ప్రశ్నకు కులం తెలియకుండా జవాబు దొరకదు.

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సెక్షన్ 15 ఎంతమంది చదివారు? రిజిస్టరైన సంఘం తన సాధారణ నిధిని దేనిదేని మీద ఖర్చు పెట్టొచ్చో అందులో జాబితా ఉండేది. సభ్యుల కోర్టు కేసుల ఖర్చు. సమ్మెలో నష్టపోయినవాళ్లకు పరిహారం. చావు, ముసలితనం, జబ్బు, ప్రమాదం, నిరుద్యోగం వచ్చినప్పుడు సభ్యులకో వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకో భత్యం. సభ్యుడు చనిపోతే అంత్యక్రియల ఖర్చు. పిల్లల చదువు. అదే జాబితాలో పత్రిక నడపడం కూడా ఉండేది. అంటే వలస పాలకుడు రాసిన చట్టం కూడా సంఘమంటే బేరం ఒక్కటే కాదని, శవం లేచే ఇంటికి వెళ్లేది, నలుగురికి కబురు చేర్చేది కూడా సంఘమేనని ఒప్పుకుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ చట్టం స్థానంలోకి తెచ్చిందే. కోడ్ మీద మన చర్చంతా సమ్మె నోటీసు చుట్టూ, తొలగింపుల చుట్టూ తిరిగింది. ఆ చర్చ అవసరమే. ఈ జాబితా గురించి మాత్రం ఎవరూ మాట్లాడగా వినలేదు.

ఇక నేను చూసిన పత్రిక సంగతి. ఫీల్డ్‌వర్క్ కోసం కోస్తాలో ఒక మునిసిపాలిటీకి చాలా నెలలు తిరిగాను. అక్కడ పర్మినెంటు సిబ్బంది సంఘానికి ఒక నెలవారీ బులెటిన్ ఉంది. నాలుగు పేజీలు. డీఏ బకాయిలు, పీఆర్సీ, ఇంక్రిమెంటు జీవో, బదిలీలు. రిటైరైనవాళ్లకు శాలువా కప్పిన ఫోటో. చివరి పేజీ కింద నల్ల గీతల మధ్య "సంతాపం". పాత సంచికలన్నీ ఒక బీరువాలో ఉంటే కూర్చుని తిరగేశాను. గుమాస్తాలున్నారు, బిల్లు కలెక్టర్లున్నారు, పంపు ఆపరేటర్లున్నారు, పర్మినెంటు స్వీపర్లు కూడా అక్కడక్కడా ఉన్నారు. కాంట్రాక్టు మీద ఊడ్చే ఆడవాళ్లు లేరు. సంతాపం పెట్టెలో కూడా లేరు. ఆ ఊళ్లో రోజూ తెల్లవారుజామున మస్టర్ దగ్గర నిలబడేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

కార్యదర్శి గారిని అడిగాను. "వాళ్లు మన మెంబర్లు కాదు కదమ్మా" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. అదే రోజు మధ్యాహ్నం ఒక కాంట్రాక్టు కార్మికురాలి ఈఎస్ఐ కాగితం పట్టుకుని ఆయనే డిస్పెన్సరీకి ఫోన్ చేశారు. సాయం చేస్తారు, కానీ దయగా చేస్తారు. సభ్యత్వంగా కాదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. దయగా చేసిన సాయానికి రశీదు ఉండదు. చేయకపోతే అడిగే హక్కూ ఉండదు.

ఆ ఊళ్లోనే ఒక ఇంట్లో అత్త పర్మినెంటు, కోడలు కాంట్రాక్టు. ఇద్దరిదీ ఒకే కులం, ఒకే చీపురు, రోడ్లు కూడా పక్కపక్కనే. అత్త రిటైరైనప్పుడు బులెటిన్‌లో ఫోటో వచ్చింది. కోడలికి బులెటిన్ అనేది ఒకటుందని కూడా తెలియదు. పాత స్వీపర్ పోస్టు కులం వల్ల వచ్చిన పని, నిజమే. కానీ ఆ పోస్టుకు సర్వీసు రిజిస్టరు ఉండేది, పెన్షన్ ఉండేది, పిల్లల్ని చదివించే స్తోమత ఉండేది. మనలో కొందరం ఇవాళ ఈ హాల్లో కూర్చున్నామంటే ఆ పోస్టు వల్లే. అత్త తరం నుంచి కోడలి తరానికి కులం పని అలాగే దిగింది. ఉద్యోగం దిగలేదు.

ఇది దానంతటదే జరగలేదు. దీనికి ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతికి మన ఊరి పేరే ఉంది. ముంబైలో చెత్త ఎత్తే కార్మికుల కేసుల గురించి చదివితే "హైదరాబాద్ ప్యాటర్న్" అన్న మాట ఎదురవుతుంది. మొదటిసారి చూసినప్పుడు బిర్యానీ గురించేమో అనుకుంటారు. కాదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 20 మంది, ఆపైన పనిచేసేచోట వర్తించేది. అందుకని కార్మికుల్ని 20కి లోపు ఉండే చిన్న జట్లుగా విడగొట్టి, ఒక్కో జట్టును ఒక్కో కాంట్రాక్టరుకో స్వచ్ఛంద సంస్థకో అప్పగించడం. ముంబైలో ఇంకో అడుగు వేశారు. వాళ్లను కార్మికులు అనలేదు, వాలంటీర్లు అన్నారు. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. మురికి ఎత్తేవాళ్లకు గౌరవం దక్కిన చోటు బహుశా అదొక్కటే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో ఆ చట్టానికి సవరణ చేసింది. సంస్థ ప్రధాన పనిలో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదంది. బాగానే ఉంది. కానీ ప్రధాన పని కానివాటి జాబితాలో మొట్టమొదట పారిశుద్ధ్యం పెట్టింది: ఊడ్చడం, తుడవడం, చెత్త పోగుచేయడం, పారేయడం. సంస్థ ప్రత్యేకంగా ఆ పని కోసమే ఏర్పడితే తప్ప. మరి మునిసిపాలిటీ దేనికోసం ఏర్పడిందంటారు? వాదించడానికి జాగా ఉంది, వాదించేవాళ్లు ఉన్నారు. 2020 నాటి మరో కోడ్ ఇదే నిర్వచనాన్ని దేశమంతటికీ తీసుకెళ్లింది. ఆ రకంగా మన రాష్ట్రం దేశానికి రెండు కానుకలిచ్చింది.

ముంబైలో ఈ పద్ధతిని ఎదుర్కొన్నది కచ్రా వాహతుక్ శ్రమిక్ సంఘ్. మిలింద్ రానడే నాయకత్వంలో నడిచిన ఈ సంఘంలో ఎక్కువమంది మరాఠ్వాడా కరువు జిల్లాల నుంచి వచ్చిన దళితులు. దాదాపు 2,700 మంది కార్మికులు కార్పొరేషన్ ఉద్యోగులేనని 2014లో పారిశ్రామిక ట్రిబ్యునల్ చెప్పింది. 2016లో బొంబాయి హైకోర్టు దాన్ని సమర్థించింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా. మన వర్గాల్లో ఈ తీర్పును గొప్ప విజయంగా చెప్పుకుంటాం, అది నిజమే. తీర్పు తర్వాత ఏమైందన్నది తక్కువమంది చెప్పుకుంటారు. జాబితాలోని పేర్లు, కార్మికుల చేతుల్లోని కాగితాల మీది పేర్లు కలవలేదు. చాలామందికి ఉద్యోగం ఆగిపోయింది ఒక అక్షరం దగ్గర, ఒక ఇంటి పేరు దగ్గర. సుప్రీంకోర్టు దాకా గెలిచిన మనిషి వార్డు ఆఫీసు బల్ల ముందు తను తనేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

ఆ తప్పు పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? కాంట్రాక్టరు మనిషి తెల్లవారుజామున, వీధి దీపం కింద, తన చెవికి వినిపించినట్టు రాసుకున్న మస్టర్ నుంచి. ఇంటి పేరు ఏంటని అడగడు. అడగాల్సినంత మనిషిగా చూడడు. మన ఊళ్లలోనూ అంతే. మేస్త్రీ నోట్లో నలిగిన ముద్దుపేరే రికార్డు అవుతుంది. ఒక తరం పాటు ఎవరూ పూర్తి పేరుతో పిలవలేదంటే అది మర్యాదకు సంబంధించిన సంగతి అనుకుంటాం. ఇరవై ఏళ్ల తర్వాత అదే సాక్ష్యానికి సంబంధించిన సంగతి అవుతుంది.

ఇక్కడే సంఘం రశీదు పుస్తకం విలువ తెలుస్తుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత మస్టర్ మాయమవుతుంది. నెల నెలా చందా తీసుకుని, పూర్తి పేరు, తేదీ, పనిచేసే వార్డు రాసి చించి ఇచ్చిన రశీదు మాత్రం కార్మికురాలి పెట్టెలో ఉంటుంది. ఫలానా నెలలో ఫలానా మనిషి ఫలానా చోట పనిలో ఉందని చెప్పే కాగితం కొన్నిసార్లు అదొక్కటే. పర్మినెంటు వాళ్ల చందా జీతంలోంచి కోత పడుతుంది. రశీదు అక్కర్లేదు, వాళ్ల పేరు అప్పటికే ప్రభుత్వ పుస్తకంలో ఉంది. కాంట్రాక్టు వాళ్ల చందా చేతికి చేతికి వసూలు చేయాలి. అందుకే చాలా సంఘాలు వాళ్ల జోలికి పోవు. శ్రమ ఎక్కువ, వచ్చేది తక్కువ.

చందా అంటే గుర్తొచ్చింది. మెంఫిస్ సమ్మె గురించి మనందరం వినే ఉంటాం. మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైంది ఆ సమ్మెకు మద్దతుగా వెళ్లినప్పుడే. 1968 ఫిబ్రవరి 1న అమెరికాలోని ఆ ఊళ్లో వాన పడుతుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి కార్మికులు చెత్త లారీ వెనక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నలిపే యంత్రం ఉన్నట్టుండి కదిలి ఇద్దర్నీ లాగేసింది. వాళ్లకు నష్టపరిహార చట్టం వర్తించలేదు. గంటల లెక్కన పనిచేసే, ఏ గ్రేడులోనూ లేని మనుషులు కాబట్టి. నగరం ఆ కుటుంబాలకు ఒక నెల జీతం, పూడ్చిపెట్టే ఖర్చులకు 500 డాలర్లు ఇచ్చింది. ఫిబ్రవరి 12న దాదాపు 1,300 మంది పని ఆపేశారు. 'నేను మనిషిని' అన్న ప్లకార్డులు మనకు తెలుసు. మేయర్ హెన్రీ లోబ్ చివరిదాకా పట్టుబట్టిన విషయాల్లో ఒకటి మాత్రం అంతగా తెలియదు. జీతంలోంచి సంఘం చందా కోయడం. పైసా ఖర్చు లేని పని. అయినా అది ఒప్పుకుంటే సంఘం ఉందని, ఈ మనుషులు దాని సభ్యులని నగరం తన పుస్తకంలో రాసుకున్నట్టవుతుంది. ఏప్రిల్ 4న కింగ్‌ను చంపారు. 16న ఒప్పందం కుదిరింది. చందాను ఉద్యోగుల పరపతి సంఘం ద్వారా మళ్లించేలా మధ్యేమార్గం వెతికారు.

ఆ రెండు నెలలు వాళ్ల వార్తలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఊళ్లోని రెండు పెద్ద దినపత్రికలూ సమ్మెకు వ్యతిరేకం. నల్లజాతి సమాజం ఆ పత్రికల్ని బహిష్కరించింది. చర్చిలో సాయంత్రం సభలే పత్రిక. అక్కడే రేపటి కార్యక్రమం చెప్పేవాళ్లు, అక్కడే విరాళాలు పోగేసేవాళ్లు, ఆ డబ్బే సమ్మె చేసేవాళ్ల ఇళ్లకు చేరేది. కబురు, సాయం ఒకే చోట జరిగాయి. అలా జరిగినచోట సంఘం బతికింది.

అంబేడ్కర్ దగ్గరికి వస్తాను. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జి.ఐ.పి. రైల్వే అంటరాని కార్మికుల మహాసభలో ఆయన బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం కార్మికులకు ఇద్దరు శత్రువులన్నారు. ప్రతి సెమినార్‌లోనూ ఈ మాట వింటాం, పోస్టర్ మీద కూడా వేస్తాం. అదే ప్రసంగంలో రైల్వే పోర్టర్ల గురించి చెప్పిన భాగాన్ని పోస్టర్ మీద వేయం. అంటరానివాళ్లను గ్యాంగ్‌మన్లుగానే ఉంచుతారు, పోర్టర్‌గా తీసుకోరు. ఎందుకంటే స్టేషన్ మాస్టర్ పోర్టర్‌తో ఇంటి పనులు కూడా చేయించుకుంటాడు, అంటరానివాడు ఇంట్లోకి రాకూడదు కదా! పెద్ద సూత్రం చెప్పిన మనిషి దాన్ని ఒక స్టేషన్ ఇంటి గడప మీద పెట్టి చూపించాడు. ఒక్కో డిపార్టుమెంటులో ఎవరెక్కడ ఆగిపోయారో ఆయనకు వివరంగా తెలుసు. తెలియజెప్పేవాళ్లు ఉన్నారు కాబట్టి, కార్మికుల ఉత్తరాలు ఆయనకు చేరేవి కాబట్టి. 1920లో మూక్‌నాయక్, 1927లో బహిష్కృత్ భారత్, 1930లో జనతా నడిపిన మనిషి. బొంబాయి మునిసిపల్ కామ్‌గార్ సంఘ్‌తో పారిశుద్ధ్య కార్మికుల్ని కూడగట్టిన మనిషి. పత్రిక వేరు, సంఘం వేరు అని ఆయన ఎన్నడూ అనుకోలేదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు, 1943లో, యాజమాన్యాలు సంఘాల్ని గుర్తించి తీరాలనే బిల్లు తెచ్చారు. ఆ సవరణ 1947లో చట్టమైంది, కానీ ఎప్పుడూ అమల్లోకి రాలేదు. మెంఫిస్ మేయర్ ఏ గుర్తింపు ఇవ్వనన్నాడో ఆ గుర్తింపు మన దగ్గర కాగితం మీద ఉండి, తేదీ లేక ఆగిపోయింది.

ఇప్పుడు మళ్లీ పేర్ల దగ్గరికి. మా వైపు మాల, మాదిగ ఇళ్లలో చాలామందికి రెండు పేర్లుంటాయి. మా అమ్మకూ ఉన్నాయి. చర్చిలో ఒకటి, బడిలో లేదా మస్టర్‌లో ఇంకొకటి. ఇది దాపరికం అని ఎవరైనా అంటే వాళ్లకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చదివి వినిపించండి. హిందువు కానివాళ్లు షెడ్యూల్డు కులం కారు అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఊడ్చే పని ఇచ్చేటప్పుడు ఎవరూ మతం అడగలేదు, సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు అడుగుతారు. కాబట్టి ఆదివారం మరియమ్మ, సోమవారం లక్ష్మి.

ఆ మనిషి బతికున్నంతకాలం రెండు పేర్లూ పక్కపక్కనే బతుకుతాయి. పోయాక పేచీ మొదలవుతుంది. ఒక మరణం తర్వాత సంఘం బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను. వేరే సంఘంలో, కాంట్రాక్టు వాళ్లను కూడా చేర్చుకున్న సంఘంలో, ఒక పెద్దమ్మ పక్కన కూర్చుని నేను చూసింది. ఆమె రిటైరైన స్వీపరు, ఆ బల్లకు ఆమే బాధ్యురాలు. కార్మికురాలి భర్త వస్తాడు, చేతిలో పాలిథిన్ సంచి. పీఎఫ్ డబ్బుకు ఫారం 20, పెన్షన్‌కు 10డి, బీమాకు 5ఐఎఫ్. మూడూ కలిపిన ఒకే ఫారం కూడా ఇప్పుడుంది. బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా రావొచ్చని ఆయనకు తెలియదు, చెప్పినవాళ్లు లేరు. పనిలో ప్రమాదం వల్ల పోయుంటే ఈఎస్ఐ నుంచి కుటుంబానికి ప్రతి నెలా రావాల్సింది వేరే ఉంది. అంత్యక్రియల ఖర్చుకు 15,000 ఉంది. వీటన్నిటికీ కావలసింది ఒక్కటే. పేరు కలవాలి. పీఎఫ్ ఖాతాలో కాంట్రాక్టరు ఎక్కించిన పేరు ఒకటి, ఆధార్‌లో ఉన్నది ఒకటి. మనిషి బతికుంటే యజమాని, ఆమె కలిసి సంతకం పెట్టి సరిచేయించుకోవచ్చు. మనిషి లేదు, కాంట్రాక్టరు ఎప్పుడో మారిపోయాడు.

పోనీ భర్తనని రుజువు చేసుకుందామంటే ఆయన దగ్గరున్నది చర్చి ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్. సంచిలోంచి అదే ముందు తీశాడు. పెద్దమ్మ చూసి, మడిచి, మళ్లీ సంచిలోనే పెట్టింది. "ఇది బయటికి తీయమాకు నాయనా. పిల్ల చదువుకుంటంది గదా" అంది. అంతే. ఆ కాగితం పెడితే తల్లి పెన్షన్ తొందరగా రావొచ్చు. అదే కాగితం రేపు కూతురి కుల ధ్రువపత్రం దగ్గర తేలితే స్కాలర్‌షిప్ పోతుంది, సీటు పోతుంది. కాబట్టి రేషన్ కార్డు, ఓటరు కార్డు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం. మూడు ఆఫీసులు, నాలుగైదు నెలలు. ఏ చేతిపుస్తకంలోనూ ఈ సలహా ఉండదు. ఏ ప్రభుత్వ హెల్ప్‌లైనూ చెప్పదు. అదే పేట నుంచి వచ్చిన మనిషి ఆ బల్ల దగ్గర కూర్చుంటేనే తెలుస్తుంది. ప్రాతినిధ్యం అని మనం పెద్ద పెద్ద వ్యాసాలు రాసే మాటకు ఇంతకన్నా నికరమైన అర్థం నాకు ఇంకెక్కడా కనపడలేదు.

ఆ సంఘానికీ వార్తలున్నాయి, వాట్సాప్‌లో. చదవలేనివాళ్ల కోసం రోజూ సాయంత్రం ఒక వాయిస్ మెసేజ్. రేపు ముఖ హాజరు యాప్ పనిచేయదు, మస్టర్‌లో సంతకం పెట్టించుకోండి. ఫలానా డివిజన్ వాళ్లకు సబ్బులు, కొబ్బరినూనె ఇంకా ఇవ్వలేదు, అడగండి. ఫలానా అమ్మ పోయింది, పది గంటలకు తీసుకెళ్తారు. సంతాపం మెసేజ్‌తోపాటు ఫోటో పెడతారు. ఒకసారి ఫోటోలో శవపేటిక మీద శిలువ ఉంది. పెద్దమ్మ ఫోన్ నా చేతికిచ్చి "పాపా, ఆ పైభాగం కత్తిరించి పెట్టు" అంది. వార్త చెప్పాలి, మనిషిని దాచాలి. రెండూ ఆమే చేయాలి. జర్నలిజం స్కూళ్లలో పారదర్శకత గురించి చెప్తారు. ఈ గుంపులో ఎవరి ఫోటోలో ఏది కనపడాలో నిర్ణయించేది 1950 నాటి ఉత్తర్వు.

పేరు ఒక్కటే కాదు, చావుకు ఏ పేరు పెడతామన్నది కూడా వార్తే. 2021 జూలైలో కేంద్ర మంత్రి రాందాస్ అథవాలే రాజ్యసభలో, చేతులతో మలం ఎత్తే పని వల్ల ఎవరూ చనిపోయినట్టు నమోదు కాలేదని జవాబిచ్చారు. మ్యాన్‌హోళ్లలో చావులు లేవని కాదు. వాటిని ప్రమాదకరమైన శుభ్రపరిచే పని అనే వేరే గడిలో రాస్తారు. గడి మారితే చావు మాయం. సఫాయి కర్మచారి ఆందోళన్ చనిపోయినవాళ్ల జాబితా సొంతంగా రాసుకుంటూ వస్తున్నది ఇందుకే. దాని నాయకుడు బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో ఈ పనే చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. 2003లో వాళ్లు వేసిన పిటిషన్ మీద 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న ఇంకో కేసులో పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ డబ్బు రావాలంటే మొదటి రోజు వార్త సరిగా ఉండాలి. "ఊపిరాడక ఇద్దరు మృతి" అని దినపత్రిక రాస్తుంది. ఎవరు దించారు, ఎవరి కాంట్రాక్టు, ఏ పరికరం ఇచ్చారు, ఏ సమయానికి దిగారు, ఇవి సంఘం రాసి పెట్టుకోకపోతే మూడో రోజుకి ఎవరికీ గుర్తుండవు. ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ పడిందో ఆ రాత్రే చూసుకోవాలి. ఆ రాత్రి స్టేషన్ దగ్గర ఉండే మనిషి సంఘం విలేకరే, సంఘం సహాయకుడూ అతనే.

ఇంకొక చిక్కు చెప్పాలి. ఈఎస్ఐకి నెల జీతం 21,000 దాటకూడదు. 2017 నుంచి ఈ పరిమితి మారలేదు. కార్మికులు కొట్లాడి జీతం పెంచుకుంటూ ఆ గీత దగ్గరికి వస్తున్నారు. గీత దాటితే ఆసుపత్రి పోతుంది. జీతం పెంపు వార్త చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పిన నాయకులు నాకు తక్కువమంది కనపడ్డారు. గెలుపు ప్రకటించేవాళ్లు వేరు, డిస్పెన్సరీ దగ్గర కార్డు పనిచేయనప్పుడు ఎదురయ్యేవాళ్లు వేరు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటే ఒప్పందం మీద సంతకానికి ముందే ఆ ప్రశ్న లేచేది.

మనం ఏం చేయగలం అని అడుగుతారని తెలుసు. మనకు ఇంగ్లీషు ఫారం చదవడం వచ్చు, ఆర్టీఐ రాయడం వచ్చు, స్కాన్ చేయడం వచ్చు. పాత బులెటిన్లు, రశీదు పుస్తకాలు బీరువాల్లో చెదలు పడుతున్నాయి. వాటిని ఫోటోలు తీసి ఉంచితే రేపు ట్రిబ్యునల్లో పనికొస్తాయి, మన థీసిస్‌లకూ పనికొస్తాయి. కానీ ఆ ఫోటోల్లో ఎవరి ఏ పేరు ఉందో చూసుకోకుండా నెట్‌లో పెట్టొద్దు. మన ఆర్కైవ్ ఉత్సాహం ఒక పిల్ల సీటుకు ఎసరు కాకూడదు. పేర్లు మార్చి రాయడం పరిశోధన నీతి అని మనకు నేర్పారు. పెద్దమ్మకు ఎవరూ నేర్పలేదు.

ఆ బల్ల శనివారం సాయంత్రం నాలుగింటి నుంచి చీకటి పడేదాకా ఉంటుంది. అప్పుడే వాళ్లకు పని అయిపోయి, స్నానాలై, తీరిక దొరుకుతుంది. ప్రస్తుతం వాళ్లకు లేనివి ఒక ప్రింటరు, ఓటీపీ వచ్చేదాకా విసుక్కోకుండా కూర్చునే ఇద్దరు మనుషులు. ప్రింటరుకు డబ్బు పోగవుతోంది. మనుషుల కోసం బయట టేబుల్ మీద ఒక కాగితం పెట్టాను. ఫోన్ నంబరు రాయండి. పూర్తి పేరు కూడా రాయండి.

ప్రశ్నలుంటే తీసుకుంటాను.